బాడీ లాంగ్వేజ్: ధైర్యంతో పాటు దగ్గరితనం కూడా

ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకూ, మొదటిసారి స్టేజీ ఎక్కేవాళ్లకూ దొరికే సలహాలు దాదాపు ఒకటే. నిటారుగా కూర్చోవాలి, కళ్లలోకి చూసి మాట్లాడాలి, చేతులు కట్టుకోకూడదు, నవ్వుతూ ఉండాలి. వీటిలో తప్పుడు సలహా ఏదీ లేదు. అయినా వీటన్నిటినీ గుర్తుపెట్టుకుని తు.చ. తప్పకుండా పాటించే మనిషి తరచుగా బిగుసుకుపోయి కనిపిస్తాడు. వీపు నిటారుగానే ఉంటుంది కానీ మెడ కదలదు. చూపు ఎదుటి మనిషి మీదే ఉంటుంది కానీ ఆ మనిషి చెప్పేది బుర్రకెక్కుతున్నట్టు ఉండదు. మాట సీరియస్ విషయం మీదికి మళ్లినా ముఖం మీద అదే నవ్వు నిలిచిపోయి ఉంటుంది.

అన్నీ పాటించినా ఇలా ఎందుకు అవుతుందంటే, ఆ మనిషి ధ్యాసంతా తన మీదే ఉంది. వీపు వంగిందా, చేతులు ఎక్కడున్నాయి, నవ్వు సరిపోతోందా అని లోపల లెక్క నడుస్తూనే ఉంది. మన ఒంటి తీరు ఎదుటివాళ్లకు అన్నిటికంటే స్పష్టంగా చెప్పేది మన ధ్యాస ఎక్కడుందన్న సంగతే. కాబట్టి భంగిమలు నేర్చుకునే ముందు ధ్యాసను మన మీద నుంచి ఎదుటివాళ్ల మీదికి మళ్లించుకోవడం నేర్చుకోవాలి. చెప్పినంత తేలిక కాదు. కానీ దానికి దారులున్నాయి, ఆ దారుల్లో కొన్నిటిని పరిశోధకులు పరీక్షించి చూశారు కూడా.

93 శాతం అనే లెక్క

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమేననీ, గొంతు తీరు 38 శాతం, ముఖం, ఒళ్లు కలిపి 55 శాతం అనీ, అంటే మాటలు కానివే 93 శాతం అనీ ట్రైనింగ్ క్లాసుల్లో తరచుగా వినిపిస్తుంది. ఈ అంకెలు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో సహచరులతో కలిసి చేసిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. ఆ ప్రయోగాల్లో సంభాషణలు లేవు, ప్రసంగాలు లేవు. విడివిడి పదాలను రకరకాల గొంతులతో వినిపించి, ఒకదానిలో ముఖాల ఫోటోలు కూడా చూపించి, మాట్లాడే మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టం ఉందో లేదో చెప్పమన్నారు. మాట ఒకటి చెబుతూ, గొంతు, ముఖం మరొకటి చెప్పినప్పుడు జనం దేన్ని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. ఇష్టాయిష్టాలకు సంబంధించిన మాటలకు తప్ప మిగతా సందర్భాలకు ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియన్ స్వయంగా చెప్పారు.

ఈ అపోహ వల్ల నష్టం ఏమిటంటే, చెప్పే విషయం మీద పట్టు లేకపోయినా ఒంటి తీరుతో నెట్టుకురావచ్చన్న భరోసా పుడుతుంది. నిజానికి విషయం బాగా తెలిసినవాళ్ల ఒళ్లు సగం పని దానంతట అదే చేసుకుంటుంది. తర్వాత ఏం చెప్పాలో తెలిసినప్పుడు ఊపిరి కుదురుగా ఉంటుంది, చేతులు స్వేచ్ఛగా కదులుతాయి. మెహ్రాబియన్ ప్రయోగాల నుంచి నిలబడే పాఠం చిన్నదే అయినా విలువైనది. 'మీరు వచ్చినందుకు సంతోషం' అంటూ వాచీ చూసుకుంటే, విన్నవాళ్లు వాచీనే నమ్ముతారు.

రెండు సందేశాలు

ధైర్యం, కలుపుగోలుతనం అనే రెండిటినీ కలిపి ఒకే గుణంలా మాట్లాడుకుంటాం గానీ, ఒంటి మీద అవి వేర్వేరుగా కనిపిస్తాయి. కొన్నిసార్లు ఒకదాన్నొకటి చెరుపుతాయి కూడా.

ధైర్యానికి, గెలుపుకు మనుషుల ఒంట్లో పుట్టుకతో వచ్చే రూపం ఒకటి ఉంది. జెస్సికా ట్రేసీ, డేవిడ్ మత్సుమోటో అనే పరిశోధకులు 2004 ఒలింపిక్స్, పారాలింపిక్స్ జూడో పోటీల ఫోటోలను పరిశీలించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. గెలిచినవాళ్లు ఛాతీ విరిచి, తల పైకెత్తి, చేతులు గాల్లోకి లేపారు. పుట్టుకతోనే చూపు లేని క్రీడాకారులు కూడా అలాగే చేశారు. ఎవరినీ చూసి నేర్చుకునే అవకాశం వాళ్లకు లేదు. అంటే ఈ భంగిమ మన శరీరంలో చాలా లోతున ఉన్నదే.

అయితే ఆ భంగిమ చెప్పేది 'నేను గెలిచాను' అని. 'రండి, మాట్లాడుకుందాం' అని చెప్పదు. మనుషులు ఎదుటివాళ్లను అంచనా వేసేటప్పుడు ప్రధానంగా రెండు విషయాలు చూస్తారని సూజన్ ఫిస్క్, ఏమీ కడీ, పీటర్ గ్లిక్ వంటి సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు. ఈ మనిషి నా మేలు కోరేవాడేనా అన్నది ఒకటి, ఈ మనిషికి సామర్థ్యం ఉందా అన్నది రెండోది. కాళ్లు దూరంగా చాపి, కుర్చీ వెనక చెయ్యి వేసి, గది అంతా తనదే అన్నట్టు కూర్చున్న మనిషి రెండో ప్రశ్నకు జవాబు ఇస్తున్నాడేమో గానీ, మొదటి ప్రశ్నకు జవాబు ఇవ్వడం లేదు. ఎదుటివాళ్లకు అది బెదిరింపుగా కూడా అనిపించవచ్చు. దీనికి వ్యతిరేకంగా, ప్రతి మాటకూ తలాడిస్తూ, భుజాలు ముడుచుకుని, నవ్వుతూనే ఉండే మనిషి మంచివాడిలా కనిపిస్తాడు, కానీ పని అప్పగించాలంటే వెనకాడతారు.

పవర్ పోజ్, అంటే ధైర్యం కోసం ఒళ్లు విశాలంగా చాపి ఉండే భంగిమ, దాని కథ ఇక్కడే చెప్పుకోవాలి. 2010లో డానా కార్నీ, ఏమీ కడీ, ఆండీ యాప్ 42 మందితో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. రెండు నిమిషాల పాటు విశాలమైన భంగిమల్లో ఉన్నవాళ్లలో ఆధిపత్యానికి ముడిపెట్టే టెస్టోస్టిరాన్ హార్మోన్ పెరిగిందనీ, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోన్ తగ్గిందనీ అందులో చెప్పారు. 2012లో కడీ ఇచ్చిన ప్రసంగంతో ఇది ప్రపంచమంతా పాకింది. తర్వాత ఎవా రానెహిల్ బృందం 200 మందితో ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి, 2015లో ఫలితాలు ప్రచురించింది. హార్మోన్లలో ఆ తేడా కనిపించలేదు. తమకు కాస్త ధైర్యంగా అనిపించిందని మాత్రం పాల్గొన్నవాళ్లు చెప్పారు. 2016లో కార్నీ స్వయంగా, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. తన పేరు మోస్తున్న పరిశోధన గురించి అలా రాయడానికి ఎంతో నిజాయితీ కావాలి.

ఇంటర్వ్యూకు ముందు ఒంటరిగా రెండు నిమిషాలు ఛాతీ విరిచి నిలబడటం వల్ల ఎవరికైనా కుదురు చిక్కితే అలా చేయడంలో తప్పేం లేదు. కానీ ఆ పద్ధతిలో ఎదుటి మనిషికి చోటే లేదు. గదిలోకి అడుగుపెట్టాక జరిగేదంతా ఇద్దరి మధ్య జరిగేది.

టెన్షన్ చేసే పని

టెన్షన్‌లో ఒళ్లు ఏం చేస్తుందో తెలిస్తే, ఏం సరిచేసుకోవాలో దాదాపు అర్థమైపోతుంది. భయపడిన శరీరం తనను తాను చిన్నది చేసుకుంటుంది. భుజాలు చెవుల వైపు లేస్తాయి, మోచేతులు పక్కటెముకలకు అంటుకుంటాయి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. ఊపిరి చాలక గొంతు సన్నబడుతుంది, మాట వేగం పెరుగుతుంది. చేతులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఉంగరం తిప్పుతాయి, పెన్ను నొక్కుతాయి.

వీటన్నిటినీ ఒక్కొక్కటిగా సరిదిద్దాలని కూర్చుంటే మళ్లీ ధ్యాస మన మీదికే వస్తుంది. ఒక్క ఊపిరిని సరిచేస్తే మిగతావాటిలో చాలా వరకు దాని వెంటే వస్తాయి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది. అందుకే పీల్చే సమయం కంటే వదిలే సమయం ఎక్కువగా ఉండేలా నెమ్మదిగా నాలుగైదు సార్లు ఊపిరి తీసి వదిలితే ఒళ్లు కుదుటపడుతుంది. వదిలేటప్పుడు భుజాలు వాటంతట అవే దిగుతాయి. గొంతుకు బలం వస్తుంది. రెండు పాదాలూ నేలకు ఆనించి, బరువు రెండు కాళ్ల మీదా సమానంగా వేసి నిలబడితే ఊగిసలాట కూడా ఆగిపోతుంది. గదిలోకి వెళ్లే ముందు ఇంత చేస్తే చాలు.

చేతుల గురించి ఎక్కువగా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామందిని ఇబ్బంది పెట్టేవి అవే. జేబులో పెట్టుకోవాలా, వెనక కట్టుకోవాలా, బల్ల మీద ఉంచాలా? ఈ ప్రశ్నకు జవాబు వెతికే ముందు చేతులు అసలెందుకు కదులుతాయో చూడాలి. జానా ఐవర్సన్, సూజన్ గోల్డిన్-మెడో 1998లో ప్రచురించిన పరిశోధనలో, పుట్టుకతో చూపు లేని పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు చేతులు కదిలించారు. వినేవాళ్లకు కూడా చూపు లేదని తెలిసినా కదిలించారు. అంటే చేతుల కదలిక చూసేవాళ్ల కోసం మాత్రమే పుట్టింది కాదు, మాట్లాడే మనిషి ఆలోచనకు కూడా అది తోడు. చేతుల్ని బిగించి కట్టేస్తే మాట కూడా కాస్త తడబడటంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి చేతులకు పెట్టాల్సిన నియమం ఒక్కటే, వాటిని ఖాళీగా వదిలేయాలి. పెన్ను, ఫోన్, కాగితాల కట్ట పక్కన పెట్టి, అరచేతులు కనిపించేలా బల్ల మీదో, ఒళ్లోనో వదులుగా ఉంచితే, మాట మొదలయ్యాక అవే లేస్తాయి. సైజు చెప్పేటప్పుడు, పోలిక చెప్పేటప్పుడు, వరసగా అంశాలు చెప్పేటప్పుడు చేతులు చేసే సాయం వినేవాళ్లకు నిజంగా ఉపయోగపడుతుంది.

చేతులు కట్టుకోవడం మీద మాత్రం అనవసరమైన నింద పడింది. రాన్ ఫ్రైడ్‌మన్, ఆండ్రూ ఎలియట్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో, చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లు చిక్కు ప్రశ్నల దగ్గర మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు పట్టు వదలకుండా ప్రయత్నించారు. చలేసినా కట్టుకుంటారు, కుర్చీకి చేతులు లేకపోయినా కట్టుకుంటారు, ఏకాగ్రతతో వింటున్నా కట్టుకుంటారు. చూసేవాళ్లు దాన్ని అడ్డుగోడగా అర్థం చేసుకునే అవకాశం ఉంది కాబట్టి కొత్తవాళ్ల ముందు మానుకోవడం మంచిదే. అలాగని అవతలి మనిషి చేతులు కట్టుకోగానే మన మాట నచ్చలేదని తేల్చేసుకోనక్కర్లేదు.

చూపు, నవ్వు, దూరం

కళ్లలోకి చూసి మాట్లాడమనే సలహాలో సగం నిజమే ఉంది. మాట్లాడేవాళ్ల కంటే వినేవాళ్లే ఎదుటివాళ్ల వైపు ఎక్కువసేపు చూస్తారని సంభాషణల్ని పరిశీలించిన పరిశోధకులు ఏనాడో గుర్తించారు. ఆడమ్ కెండన్ 1967లో రాసిన పత్రం ఈ విషయంలో పేరుపొందింది. మాట్లాడే మనిషి వాక్యం కూర్చుకునేటప్పుడు చూపు పక్కకు తిప్పుతాడు, చెప్పడం పూర్తవుతుండగా తిరిగి ఎదుటివాళ్ల వైపు చూస్తాడు. ఆ చూపుతోనే 'ఇక మీరు చెప్పండి' అని వంతు అందుతుంది. ఆలోచిస్తూ కిటికీ వైపు చూడటం పిరికితనం కాదన్నమాట. చూపు నిలపాల్సింది ముఖ్యంగా వినేటప్పుడు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. తాము మాట్లాడేటప్పుడు కష్టపడి కళ్లలోకి చూస్తారు, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు తమ తర్వాతి వాక్యం కూర్చుకుంటూ బల్ల వైపు చూస్తారు.

ఎంతసేపు చూడాలి అనేదానికి కూడా ఒక అంచనా ఉంది. లండన్ సైన్స్ మ్యూజియంకు వచ్చిన దాదాపు 500 మందికి వీడియోలో ముఖాలు చూపించి చేసిన పరిశోధన 2016లో వచ్చింది. సగటున 3.3 సెకన్ల పాటు కలిసిన చూపు వాళ్లకు హాయిగా అనిపించింది. ఎక్కువమంది ఇష్టం 2 నుంచి 5 సెకన్ల మధ్య ఉంది. ఈ అంకె గుర్తుపెట్టుకుని లోపల లెక్కపెట్టడం మొదలుపెడితే మాత్రం పని చెడుతుంది. చూపు వచ్చీ పోతూ ఉండటమే సహజమని తెలుసుకోవడం వరకే ఇది ఉపయోగం.

నవ్వు విషయంలో 1862 నాటికే ఫ్రెంచ్ వైద్యుడు డుషెన్ ఒక తేడా చెప్పాడు. మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు పెదాలతో పాటు కళ్ల చుట్టూ ఉండే కండరం కూడా ముడుచుకుంటుంది. సాధనతో కళ్లను కూడా నవ్వించగలిగేవాళ్లు ఉన్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది కాబట్టి దీన్ని తిరుగులేని పరీక్షగా తీసుకోలేం. దానికంటే ముఖ్యమైనది నవ్వు వచ్చే వేళ. ఎదుటి మనిషి ఏదో చెప్పాక, దానికి బదులుగా మెల్లగా విచ్చుకునే నవ్వు ఒక జవాబు. గదిలోకి రాకముందే ముఖానికి తగిలించుకున్న నవ్వు ఎవరికీ జవాబు కాదు.

దూరం గురించి ఎడ్వర్డ్ హాల్ 1966లో ఇచ్చిన కొలతలు ఇప్పటికీ వినిపిస్తాయి. దాదాపు 45 సెంటీమీటర్ల లోపు బాగా దగ్గరివాళ్లకు, అక్కడి నుంచి 1.2 మీటర్ల దాకా స్నేహితులకు, 3.6 మీటర్ల దాకా పని మీద కలిసేవాళ్లకు. ఆయన ఇవి అమెరికా ఈశాన్య ప్రాంతపు మధ్యతరగతి మనుషుల్ని గమనించి వేసిన అంచనాలు, సంస్కృతిని బట్టి మారతాయని ఆయనే చెప్పాడు. టేపు అవసరం లేని కొలత ఒకటుంది. మనం దగ్గరికి జరిగినప్పుడు ఎదుటి మనిషి అరడుగు వెనక్కి వేస్తే, ఆ ఖాళీని మళ్లీ నింపకుండా వదిలేయాలి. దగ్గరితనం చూపించడానికి దగ్గరగా నిలబడక్కర్లేదు. మొండెం, పాదాలు ఆ మనిషి వైపు తిప్పి, మధ్యలో ఉన్న ల్యాప్‌టాప్ మూసి పక్కకు జరిపితే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇద్దరు మనుషులు బాగా కలిసిపోయి మాట్లాడుకుంటున్నప్పుడు ఒకరి భంగిమ మరొకరికి తెలియకుండానే అంటుకుంటుంది. తాన్యా చార్‌ట్రాండ్, జాన్ బార్గ్ 1999లో దీన్ని ప్రయోగంలో చూపించారు. పక్కనున్న మనిషి కాలు ఊపితే వీళ్లూ ఊపారు, ముఖం రుద్దుకుంటే వీళ్లూ రుద్దుకున్నారు. దీన్ని పట్టుకుని ఎదుటివాళ్లను కావాలని అనుకరించమని నేర్పే క్లాసులు ఉన్నాయి. అది మంచి సలహా కాదు. దొరికిపోతే ఎగతాళి చేస్తున్నట్టు ఉంటుంది, దొరక్కపోయినా మన ధ్యాసలో సగం ఆ అనుకరణకే పోతుంది. శ్రద్ధగా వింటే ఆ కలయిక దానంతట అదే వస్తుంది.

మన కంగారు అందరికీ కనిపించదు

భయపడేవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా వేధించేది 'నా భయం అందరికీ తెలిసిపోతోంది' అన్న ఊహ. ఇందులో చాలా వరకు భ్రమే. థామస్ గిలోవిచ్, కెనెత్ సావిట్‌స్కీ దీని మీద వరసగా ప్రయోగాలు చేశారు. లోపలి కంగారు మనకు అంత గట్టిగా తెలుస్తుంది కాబట్టి బయటివాళ్లకు కూడా అంతే తెలుస్తుందని అనుకుంటాం. వాళ్లకు తెలిసేది అందులో కొంతే. 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఈ సంగతిని కొంతమంది విద్యార్థులకు ప్రసంగానికి ముందే వివరించి చెప్పారు. ఆ వివరణ విన్నవాళ్లు మిగతావాళ్ల కంటే బాగా మాట్లాడారు. వాళ్లకు అలా అనిపించడమే కాదు, విన్నవాళ్లు ఇచ్చిన మార్కులు కూడా అదే చెప్పాయి. బాడీ లాంగ్వేజ్ మీద వచ్చిన పరిశోధనల్లో నిత్యజీవితానికి ఇంత నేరుగా పనికొచ్చేది మరొకటి కనిపించదు. ఏ భంగిమా నేర్పకుండానే, భయం దాచుకోవాలన్న భారాన్ని దించితే మాట మెరుగుపడింది.

వీడియో కాల్‌లో ఈ భారం రెట్టింపవుతుంది, ఎందుకంటే అక్కడ మన ముఖం మనకే కనిపిస్తూ ఉంటుంది. గంటల తరబడి అద్దం ముందు కూర్చుని మాట్లాడినట్టు ఉండే ఈ పరిస్థితి అలసటకు ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వాదించారు. మన వీడియో మనకు కనిపించకుండా దాచుకునే సదుపాయం చాలా యాప్‌లలో ఉంది, దాన్ని వాడుకోవాలి. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి. ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు లెన్స్ వైపు, వినేటప్పుడు తెర మీది ముఖం వైపు చూస్తే సరిపోతుంది. భుజాలు, చేతులు కూడా కనిపించేంత దూరంలో కూర్చుంటే ముఖం ఒక్కటే అంత పనీ మొయ్యక్కర్లేదు.

చదవడంలో జాగ్రత్త

మన ఒళ్లు సరిచేసుకోవడం కంటే ఇతరుల ఒళ్లు చదవడంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. అబద్ధాన్ని పసిగట్టడం మీద జరిగిన దాదాపు 200 అధ్యయనాలను చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో 2006లో కలిపి చూస్తే, జనం సరిగ్గా చెప్పినవి సగటున 54 శాతమే. నాణెం ఎగరేసినా 50 శాతం వస్తుంది. అబద్ధం చెప్పేవాళ్లు కళ్లలోకి చూడరన్న నమ్మకం ప్రపంచమంతా ఉన్నా, చూపు తిప్పుకోవడానికీ అబద్ధానికీ నమ్మదగిన సంబంధం పరిశోధనల్లో దొరకలేదు.

ఆటిజం ఉన్న చాలామందికి చూపు కలపడం ఎంతో కష్టం, కొందరికి బాధ కూడా. పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూడటం మర్యాద కాదని నేర్పే సమాజాలు ఉన్నాయి. నడుం నొప్పి ఉన్న మనిషి అస్తమానం కదులుతూనే ఉంటాడు. వీళ్లందరినీ ధైర్యం లేనివాళ్లుగానో, ఏదో దాస్తున్నవాళ్లుగానో లెక్కగట్టడం అన్యాయం. ఉద్యోగం పోయేది, మార్కులు పోయేది వాళ్లకు. ఒక మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియకుండా ఒక్క కదలికను పట్టుకుని అర్థం చెప్పకూడదు. మామూలు తీరులో మార్పు కనిపిస్తే, దానికి అర్థం ఊహించే బదులు అడిగి తెలుసుకోవచ్చు. 'ఈ విషయంలో మీకు ఏమైనా సందేహం ఉన్నట్టుంది, అవునా?' అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఎవరి బాధ్యత

ధైర్యంగా కనిపించమని చెప్పే సలహాలన్నీ సాధారణంగా కింద ఉన్నవాళ్లకే అందుతాయి. ఉద్యోగం కోసం వచ్చినవాళ్లకు, విద్యార్థులకు, రోగులకు, కొత్తగా చేరినవాళ్లకు. పైగా ఒకే భంగిమను ఒక మనిషిలో నాయకత్వంగా, మరో మనిషిలో పొగరుగా చూసే అలవాటు కూడా లోకంలో ఉంది. కానీ గదిలో మాట్లాడే వాతావరణం ఉందో లేదో తేల్చేది ఎక్కువగా అధికారం ఉన్నవాళ్ల ఒళ్లే. అభ్యర్థి జవాబు చెబుతుండగా కాగితాలు తిరగేసే ఇంటర్వ్యూ బోర్డు ముందు, ఎంత సాధన చేసి వచ్చిన మనిషైనా ముడుచుకుపోతాడు. ప్రశ్న అడగగానే పెదవి విరిచే టీచర్ క్లాసులో రెండో ప్రశ్న రాదు.

అధికారం ఉన్నవాళ్లు చేయగలిగినవి చిన్న పనులే. డాక్టర్ టైపింగ్ ఆపి, కుర్చీని మానిటర్ వైపు నుంచి రోగి వైపు తిప్పుకోవచ్చు. మేనేజర్ బల్లకు అవతలి వైపు కూర్చునే బదులు పక్క కుర్చీలోకి మారవచ్చు. నిలబడి మాట్లాడేవాళ్లు, ఎదుటివాళ్లు కూర్చుని ఉంటే తామూ కూర్చోవచ్చు. ప్రశ్న అడిగాక జవాబు వెంటనే రాకపోతే, ఫోన్ వైపు చూడకుండా, ఊపిరి నెమ్మదిగా వదులుతూ, ఆ మనిషి వైపే ముఖం ఉంచి ఇంకాసేపు ఆగవచ్చు. తడబడుతున్న మనిషికి తన మాట వెతుక్కోవడానికి కావాల్సిన సమయం అప్పుడే దొరుకుతుంది.